మైలుకు సరిగ్గా 5,280 అడుగులే ఎందుకు?

మైలు అనే మాట ఎక్కడిది, 5,280 అడుగులనే వంకర లెక్క ఎందుకొచ్చింది అని అడిగారు. పుస్తకంలో చదివినప్పుడు నాకూ ఎక్కలేదు. పరకాల దగ్గర మా తాత అరక దున్నడం గుర్తొచ్చాకే అర్థమైంది.

ముందు పేరు సంగతి. లాటిన్‌లో 'మిల్లె పాసూస్' అంటే వెయ్యి అంగలు. వాళ్ళ లెక్కలో అంగ అంటే రెండడుగులు వేయడం, అంటే కుడికాలు నేల తాకాక మళ్ళీ అదే కుడికాలు నేల తాకేదాకా. అంగ పొడవు 5 రోమన్ అడుగులు (కొలత అడుగులు), మైలుకు 5,000. మన లెక్కలో దాదాపు 1,480 మీటర్లు. ఒకరోజు పొద్దున్నే హన్మకొండ నుంచి కాజీపేట రోడ్డు మీద కుడికాలు పడ్డప్పుడల్లా లెక్కపెట్టుకుంటూ నడిచాను. వెయ్యి అయ్యేసరికి ఫోన్ 1.4 కిలోమీటర్లు చూపించింది. రెండు వేల ఏళ్ళ కిందటి కొలత నా కాళ్ళకింద దొరికినట్టు ఎంత సంతోషమేసిందో!

మరి ఆ 280 ఎక్కడిది? అది ఎడ్ల లెక్క. సాలు చివరికొచ్చాక తాత ఎడ్లను ఆపి, కర్రుకు అంటిన నల్లరేగడిని పుల్లతో గీకేవాడు. ఎడ్ల డొక్కలు ఎగిరెగిరి పడేవి. అవి కాస్త తేరుకున్నాకే మళ్ళేసేవాడు. ఇంగ్లిష్‌లో ఫర్లాంగు అంటే అచ్చంగా 'సాలు పొడవు'. ఎడ్లు ఆగకుండా లాగగలిగేంత దూరం అంటారు. దాన్ని 660 అడుగులుగా ఖాయం చేశారు. ఇంగ్లండ్‌లో భూముల లెక్కలన్నీ దాని మీదే నడిచేవి. దాన్ని కదిపితే ప్రతి పొలం హద్దూ తగాదాకొస్తుంది. అందుకే 1593లో, ఒకటో ఎలిజబెత్ రాణి కాలంలో, ఫర్లాంగును ముట్టకుండా మైలునే సాగదీశారు. 8 ఫర్లాంగులు ఒక మైలు అని చట్టంలో రాశారు. ఎనిమిది 660లు 5,280.

మన ఎకరం కూడా ఇందులోదే. ఫర్లాంగు పొడవు, భూమి కొలిచే 66 అడుగుల గొలుసంత వెడల్పు ఉన్న చెలక ఎకరం. అది 4,840 చదరపు గజాలు, అంటే 121 చదరపు గజాల గుంటలు సరిగ్గా 40. ఈ లెక్క కుదిరినప్పుడు తాత బతికుంటే బాగుండుననిపించింది.

మన పాత దూరం కొలత కోసు వేరే. సంస్కృతంలో క్రోశమంటే అరుపు. పిలిస్తే వినబడేంత దూరమన్నమాట. తర్వాత మనవైపు సుమారు రెండు మైళ్ళుగా వాడారు.

ఇప్పుడు మైలంటే 1.609 కిలోమీటర్లు. హైవే మీద మనం మైలురాళ్ళంటున్న వాటి మీద ఉండేవి కూడా కిలోమీటర్లే. పాత కాగితాల్లో మైళ్ళు కనిపిస్తే 1.6తో గుణించుకోండి, చాలు.