ఎనభైల పాటల మీద రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

ఎనభైల నాటి ఇంగ్లిష్ పాప్, రాక్ పాటల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. భాష బాగుంది. చదువుతుంటే ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. కానీ చదవడం పూర్తయ్యాక నాకు ఒక్క పాట కూడా చెవిలో పడలేదు. "ఆ రోజులే వేరు", "ఇప్పటి పాటల్లో ఆ ప్రాణం ఏది" లాంటి మాటలే పేజీల నిండా ఉన్నాయి. నువ్వు పుట్టకముందు కాలం మీద నువ్వు పడుతున్న బెంగ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది.

"అప్పుడు నేను లేను కదా మాస్టారూ, రాసే హక్కు నాకుందా?" అని అడిగావు. ఉందమ్మా. నన్నడిగితే మా వయసు వాళ్ళకంటే నీకే వీలెక్కువ. ఆ పాట మొదలవగానే మాకు టేప్ రికార్డరూ, హాస్టల్ గదీ, పక్కన కూర్చున్న స్నేహితుడూ గుర్తొచ్చేస్తారు. పాట వెనక్కి పోతుంది. నీకు ఆ అడ్డు లేదు. ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. ఇవాళ మనం పాతవని ముచ్చటపడుతున్న ఈ పాటలన్నీ వచ్చిన రోజున సరికొత్తవి. అంతకుముందు ఎవరూ వినని చప్పుళ్ళు వాటిలో ఉండేవి. ఆ కొత్తదనాన్ని పాఠకుడికి మళ్ళీ వినిపించాలి.

బ్రిటిష్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' తీసుకో. 1981లో వచ్చింది. నువ్వు దాన్ని "మనసుని తాకే పాట" అని ఒక్క వాక్యంలో దాటేశావు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విను. మొదట్లో డ్రమ్ మెషీన్ సన్నగా కొట్టుకుంటూ ఉంటుంది. మీద మబ్బు పట్టినట్టు కీబోర్డు స్వరాలు. గొంతు కోపాన్ని పళ్ళ బిగువున ఆపుకున్నట్టు ఉంటుంది. విడాకుల బాధలో ఉన్న మనిషి పాడుతున్నాడు. మూడు నిమిషాల నలభై సెకన్ల దాకా మనిషి వాయించే డ్రమ్స్ రావు. అప్పుడు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ప్రతి దెబ్బా పెద్ద హాల్లో కొట్టినట్టు మోగుతుంది, కానీ ఆ మోత సాగదు, కత్తితో కోసినట్టు టక్కున ఆగిపోతుంది.

ఆ చప్పుడు ఎలా పుట్టిందో తెలుసుకుంటే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది. అంతకుముందు ఇంకో బ్రిటిష్ గాయకుడు పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ రికార్డింగ్ లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో జరుగుతోంది. ఆ ఆల్బమ్ 1980లో వచ్చింది. లోపల వాయించేవాళ్ళ మాటలు బయట కన్సోల్ (సౌండుని సరిచేసే బల్ల) దగ్గరున్న ఇంజనీరుకి వినపడటానికి పైన ఒక మైకు వేలాడుతూ ఉండేది. దూరంగా ఎవరు మెల్లగా మాట్లాడినా వినపడాలని దాని సౌండుని గట్టిగా కంప్రెస్ చేసేవారు, అంటే చిన్న చప్పుడుకీ పెద్ద చప్పుడుకీ తేడా తగ్గించేవారు. ఆ ఆల్బమ్ కోసం కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుంటే ఇంజనీరు హ్యూ పాడ్గమ్ ఆ మైకు ఆన్ చేశాడు. స్పీకర్లలోంచి వచ్చిన మోత విని అక్కడున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. మాటల కోసం పెట్టిన ఆ మైకుని రికార్డింగుకి పనికొచ్చేలా వైరింగ్ మార్పించుకున్నారు. నాయిస్ గేట్ అనే పరికరంతో మోతని మధ్యలో తెంచేశారు. తాళాలు, అంటే సింబల్స్, వాడొద్దని గేబ్రియల్ పట్టుబట్టాడు కాబట్టి ఆ ఖాళీలో డ్రమ్ ఇంకా పెద్దగా నిలబడింది. ఆ తర్వాత దశాబ్దమంతా ఎంతమంది ఆ చప్పుడు వెంట పడ్డారో లెక్కలేదు. ఇదంతా తెలిశాక "మనసుని తాకే పాట" అని రాయడానికి నీకే చేతులు రావు.

ఇదే పాట గురించి ఇంకో మాట. ఎవరో నీళ్ళలో మునిగిపోతుంటే ఇంకొకడు ఒడ్డున నిలబడి చూశాడనీ, కాలిన్స్ అది కళ్ళారా చూసి ఈ పాట కట్టాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. నువ్వూ రాశావు. కొట్టెయ్. అది నిజం కాదని కాలిన్సే చెప్పాడు. పాత పాటల చుట్టూ ఇలాంటివి బోలెడు తిరుగుతుంటాయి, రుచిగా ఉన్న కథని ముందు అనుమానించు.

మాటల్ని కూడా చెవి పెట్టి విను. 1983లో ది పోలీస్ అనే బ్రిటిష్ బృందం పాట 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' ఎనిమిది వారాలు అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది. నువ్వు దాన్ని గొప్ప ప్రేమగీతం అన్నావు. పెళ్ళిళ్ళలో వేసేవాళ్ళూ అలాగే అనుకుంటారు. కానీ అందులో మాట్లాడుతున్నవాడు ఏం చేస్తున్నాడు? వదిలిపోయిన మనిషి ప్రతి అడుగునీ కాపు కాస్తున్నాడు. ఆ బృందం గాయకుడు స్టింగ్ తన కాపురం చెదిరిపోతున్న రోజుల్లో జమైకాలో కూర్చుని రాశాడది. గిటారు మాత్రం ఎంత మెత్తగా, ఎంత నిలకడగా సాగుతుందో! ఆ మెత్తదనం కిందే భయం ఉంది. ఈ రెండూ ఒకే పాటలో ఎలా ఇమిడాయో రాయి, అప్పుడు నీ వ్యాసం నేను పదిమందికి చూపిస్తాను.

నార్వే బృందం ఆ-హా పాట 'టేక్ ఆన్ మీ' గురించి నువ్వు వీడియో సంగతే రాశావు. పెన్సిల్ బొమ్మలు నిజం మనుషులవడం, దాదాపు మూడు వేల ఫ్రేములు చేత్తో గీయడం, అన్నీ నిజమే. అయితే 1984లో మొదటిసారి విడుదలైనప్పుడు బ్రిటన్‌లో ఆ పాటని పట్టించుకున్నవాళ్ళు లేరు. అలన్ టార్నీ నిర్మాతగా మళ్ళీ రికార్డ్ చేశారు, కొత్త వీడియో తీశారు, 1985 అక్టోబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. పల్లవిలో గొంతు మంద్రంలో మొదలై మెట్టు మెట్టుగా తార స్థాయికి ఎక్కుతుంది, మొత్తం రెండున్నర స్థాయిలు. మన పాఠకుడికి మంద్రం, తారం అంటే వెంటనే అర్థమవుతుంది, వాడుకో.

తెలుగు సంబంధం కోసం ప్రతి పేరాలో తంటాలు పడొద్దు. ఉన్నచోట ఉంది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో చూసినవాళ్ళకి 1985లో వచ్చిన 'దొంగ' సినిమాలో 'గోలీమార్' ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అది ఒక్కటి చాలు. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సొంత రాష్ట్రం న్యూజెర్సీని మన ఊరికి లాక్కురాకు. ఆయన పాడిన వియత్నాం సైనికుడి కష్టాన్ని అక్కడే ఉంచి చెప్పు.

తిరగరాయడం గురించి అడిగావు కదా. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' పాటకి ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ 91 మిక్సులు చేశాడు, అంటే గొంతునీ వాయిద్యాలనీ అన్నిసార్లు కలిపి చూశాడు, చివరికి వాడింది రెండోది. మొదట్లో వాయిద్యాల భాగం మరీ పొడవైందని నిర్మాత క్విన్సీ జోన్స్ కోసేయమంటే, అది వింటే తనకి డాన్స్ చేయాలనిపిస్తుందని జాక్సన్ ఒప్పుకోలేదు. అందుకని ఎన్నిసార్లు మార్చినా పాత ప్రతులు పారేయకు. నీకు కాలు ఆడించిన వాక్యాన్ని ఎవరు తీసేయమన్నా, నేను తీసేయమన్నా సరే, ఒకసారి వాదించి చూడు.

పద్దెనిమిది పాటలు ఒకే వ్యాసంలో కుక్కావు. పదిహేను తీసెయ్. మిగిలిన మూడింటిలో ముందు కాలిన్స్ పాట మీదే రెండు పేజీలు రాసి పంపు. ఇంట్లో ఎవరినీ "మీ రోజుల్లో ఎలా ఉండేది" అని అడగకుండా, నీకు వినపడింది మాత్రమే రాయి. డ్రమ్స్ వచ్చే చోటు ఆఖర్న రాయి, అక్కడికి వచ్చేదాకా నన్ను కూర్చోబెట్టగలవేమో చూస్తాను.

ఉంటాను,
మీ మాస్టారు