భర్త బ్లూ కార్డ్ మీద జర్మనీ వెళ్తే నాకు అక్కడ ఉద్యోగం దొరుకుతుందా?

మీవారికి మ్యూనిక్‌లో ఆఫర్ వచ్చింది, బ్లూ కార్డ్ (పెద్ద చదువు చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస, పని అనుమతి) వస్తుందన్నారు. మీరు బీఫార్మసీ చేసి హైదరాబాద్ జీడిమెట్లలో మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నారు. ఇద్దరూ ఒకేసారి వెళ్ళాలా, అక్కడ మీకు పని దొరుకుతుందా అని అడిగారు. నాదీ ఇంచుమించు ఇదే కథ. నేనూ జీడిమెట్ల ల్యాబ్ నుంచే వెళ్ళాను, జర్మనీలో ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో కొన్నేళ్ళు చేశాను. ఇప్పుడు తిరిగొచ్చి నిజాంపేటలో ఉంటున్నాం.

ఉద్యోగం దొరుకుతుంది. కానీ దానికి కావాల్సిన పనిలో సగం పైగా ఇక్కడ ఉండగానే చేసుకోవాలి. అక్కడ దిగాక చూద్దాంలే అనుకుంటే ఏడాది ఊరికే గడిచిపోతుంది.

ముందు హక్కు సంగతి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ భార్య లేదా భర్త జర్మనీలో ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, విడిగా వర్క్ పర్మిట్ అడగక్కర్లేదు. అమెరికాలో హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా మీద వెళ్ళినవాళ్ళకు 2015 దాకా ఆ అవకాశమే లేదు. ఇప్పటికీ భర్త గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఒక దశ దాటితేనే భార్యకు పర్మిట్ వస్తుంది. మా బంధువుల్లో బాగా చదువుకున్న అమ్మాయి అలా ఎదురుచూస్తూ ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. జంటగా దేశం ఎంచుకునేటప్పుడు మొదటి జీతం ఎంత అన్నదానికంటే రెండో మనిషికి పని చేసే హక్కు ఉందా లేదా అన్నదే ముందు చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ లెక్కన మీకు వచ్చింది మంచి అవకాశం.

అయితే ఫార్మసిస్ట్‌గా మందుల షాపులో చేయాలంటే అక్కడ లైసెన్స్ కావాలి, వృత్తికి సంబంధించిన జర్మన్‌లో సీ1 స్థాయి పరీక్ష పాస్ కావాలి (భాషా స్థాయిలు ఏ1తో మొదలై ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 దాకా పెరుగుతాయి). అది చాలా పొడుగు దారి. ల్యాబ్‌లో అనలిస్ట్ పనికి లైసెన్స్ అవసరం లేదు. కాబట్టి మీ పాత పనినే అక్కడా వెతకండి. మీ యూనివర్సిటీకి, డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉందో లేదో అనాబిన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. డిగ్రీ అందులో కనిపించకపోతే వాళ్ళ ప్రభుత్వ సంస్థ జడ్‌ఏబీ దగ్గర సమానత్వ పత్రం తీసుకోవాలి. ఫీజు 208 యూరోలు.

ఇక పేర్లు. మన తెలుగువాళ్ళను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది, పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తారింటి పేరు చేరుతుంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి కొందరికి ఖాళీగానే ఉంటుంది. అక్కడి ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చున్నావిడకు ఈ నాలుగు పేర్లూ ఒకే మనిషివని ఎలా తెలుస్తుంది? మ్యారేజ్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో స్పెల్లింగ్ ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. దిద్దించుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇప్పుడే చేయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని ఇక్కడ ఉండగా అయినంత తేలిగ్గా అక్కడి నుంచి అవదు.

ఉద్యోగం మానేసే ముందు మరో పని ఉంది. మన కంపెనీలు ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఏమీ ఉండవు. జర్మన్ కంపెనీలు మీరు ఏ పని చేశారో, ఎలా చేశారో వివరంగా రాసిన లెటర్ అడుగుతాయి. నేను మా హెచ్‌ఆర్ మేడమ్ దగ్గర కూర్చుని రాయించుకున్నాను: హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంతుందో కొలిచే పద్ధతి), డిసొల్యూషన్ (మాత్ర ఎంత వేగంగా కరుగుతుందో చూసే) పరీక్షలు, ఫలితం పరిమితి దాటినప్పుడు చేసిన విచారణలు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు ల్యాబ్ తరఫున సమాధానం చెప్పడం. ఇంటర్వ్యూలో మేనేజర్ ఆ చివరి వాక్యం మీద పెన్ను పెట్టి, "ఆ రోజు ఏం అడిగారు?" అన్నారు. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని గురించే సాగింది. మన ల్యాబ్‌లలో తనిఖీల టెన్షన్ తట్టుకున్నవాళ్ళ అనుభవానికి అక్కడ నిజంగా విలువుంది. సంకోచపడకుండా రాయండి.

బ్లూ కార్డ్ భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని వదిలేయకండి. ల్యాబ్‌లో పనిచేసే పద్ధతి పత్రాలన్నీ జర్మన్‌లో ఉండే కంపెనీలే ఎక్కువ. బీ1 లేకపోతే చాలా దరఖాస్తులు చదవకుండానే పక్కన పెడతారు. బంజారాహిల్స్‌లో గోథే సెంట్రమ్‌లో తరగతులూ ఉన్నాయి, పరీక్షలూ ఉన్నాయి. కూకట్‌పల్లి నుంచి ట్రాఫిక్‌లో వెళ్ళడం కష్టమే, అయినా వెళ్ళండి. మీవారినీ చేర్పించండి. బీ1 ఉంటే బ్లూ కార్డ్ వాళ్ళకు 21 నెలలకే శాశ్వత నివాస అనుమతి వస్తుంది, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు ఆగాలి.

అందుకే ఇద్దరూ ఒకేసారి వెళ్ళొద్దని నా సలహా. ఆయన్ను ముందు వెళ్ళనివ్వండి. అక్కడ ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉంటుంది, ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో ఉద్యోగం తీసేయవచ్చు. మీ జీతం ఇక్కడ నడుస్తుంటే ఆ భయం సగం తగ్గుతుంది. మ్యూనిక్‌లో ఇల్లు దొరకడం పెద్ద పరీక్ష. అడ్రస్ రిజిస్టర్ అయితే తప్ప మిగతా కాగితాలు కదలవు. ఇందులో ఒక నష్టం ఉంది, మీరు వెళ్ళేదాకా ఆయన జీతం మీద పన్ను పెళ్ళికానివాళ్ళకు పడ్డట్టే పడుతుంది. దాన్ని భరించండి. మా అత్తయ్య "కొత్తగా పెళ్ళయినవాళ్ళు తలో దేశంలో ఏమిటమ్మా" అని బాధపడ్డారు. కారణాలన్నీ కూర్చోబెట్టి చెప్పాక ఆవిడే నా క్లాసు రోజుల్లో వంట చూసుకున్నారు.

వెళ్ళాక ఉద్యోగం వచ్చేదాకా ఉండే నెలలు బరువైనవి. ఆయన ఆఫీసుకు వెళ్తారు, మీకు ఊళ్ళో ఎవరూ తెలియదు, మెయిల్ తెరిస్తే తిరస్కరణలు. అప్పుడు నన్ను నిలబెట్టింది మావారు మొదట్లోనే చేసిన రెండు పనులు. ఇంటి అగ్రిమెంట్ ఇద్దరి పేరునా రాయించారు, జీతం పడే అకౌంట్ జాయింట్‌గా తెరిచారు. కూరగాయలకు డబ్బులు అడిగే పరిస్థితి నాకు ఒక్కరోజూ రాలేదు. ఈ మాట మీవారికి ఇప్పుడే చెప్పండి, మొహమాటపడకండి.

అమీర్‌పేటలో ఏ కన్సల్టెన్సీ అయినా "మేడమ్‌కు అక్కడ ఉద్యోగం గ్యారంటీ" అంటూ లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. ఇంట్లో ఎవరైనా నర్సు ఉంటే విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగమనండి. మీ కుటుంబ వీసా ఫారాలు మాత్రం మీరే నింపుకోగలరు, ఆ డబ్బు బీ1 ఫీజుకు ఉంచుకోండి.