త్రీడీ చిత్రానికి ముందు గీయవలసినవి

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బరంపురంలోని ఒక బజారు వీధిని కాలినడకకు అనువుగా తీర్చిదిద్దడం నా ప్రాజెక్టు. త్రీడీ చిత్రాలు ఎన్ని చూపినా అందులో నా ఆలోచన ఏమిటో కనబడడం లేదని మా మాస్టారు అంటున్నారు. ఆలోచనను బొమ్మలో చూపడం ఎలా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీ మాస్టారి మాటలో న్యాయముంది. త్రీడీ చిత్రంలో చెట్లనీడతో సహా అన్నీ ముందే ఖరారైపోయినట్టు కనిపిస్తాయి కనుక, చూసినవారు బాగుందనో బాగులేదనో అని ఊరుకుంటారే తప్ప, సరుకు బండి ఎక్కడ ఆగుతుందని అడగరు. ఆలోచనను చూపే చిత్రం ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలి, మిగతావన్నీ వదిలేయాలి.

ఇటలీకి చెందిన సర్వేయరు జాంబత్తిస్తా నోల్లీ 1748లో వెలువరించిన రోము నగర పటంలో కట్టడాలను ముదురుగా నింపి, వీధులతో పాటు జనం స్వేచ్ఛగా ప్రవేశించే చర్చిల లోపలి భాగాలను కూడా తెల్లగా వదిలాడు. మీరూ 1:500 స్కేలులో, అంటే 10 మీటర్లను 2 సెంటీమీటర్లుగా తీసుకుని, దుకాణాల ముందరి అరుగులను, గుడి మండపాన్ని, సందులను తెల్లగా వదిలి చూడండి. జనానికి ఇప్పటికే ఎంత చోటుందో, అది ఎక్కడ తెగిపోతోందో తెలుస్తుంది. ఆ తెగినచోట ఏం చేస్తారన్నదే మీ ఆలోచన.

తర్వాత వీధికి అడ్డంగా 1:100లో సెక్షన్, అంటే వీధిని అడ్డంగా కోసి చూసినట్టుండే బొమ్మ, గీయండి. అరుగు, మురుగుకాలువ, నడకదారి, రోడ్డు అన్నిటికీ టేపు పెట్టి కొలవాలి. ఉదయం సరుకు దించే వేళకు ఒకటి, సాయంత్రం తోపుడుబళ్లు నిలిచే వేళకు ఒకటి ట్రేసింగ్ కాగితంపై గీసి, ఒకదానిపై ఒకటి పరిస్తే, రెండు వేళలా మనిషి నడవడానికి ఎంత మిగిలిందో లెక్క తేలుతుంది. సున్నా వస్తే అక్కడే ఆగి మళ్లీ ఆలోచించాలి.

అమెరికా నగర ప్రణాళికవేత్త కెవిన్ లించ్ 1960లో ప్రచురించిన అధ్యయనంలో బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసుల చేత తమ ఊరిని గుర్తున్నంత మేరకు గీయించి, దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే 5 అంశాలను వివరించాడు. మీరూ పట్టుచీరల వర్తకుడి చేత, కూరగాయలమ్మే ఆమె చేత బజారును గీయించండి. గీత వంకరైనా ఫర్వాలేదు, ఏది వదిలేశారన్నది ముఖ్యం. మీ పటంపై పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి, లేకుంటే సగంమంది మర్యాదకు తల ఊపి వెళ్లిపోతారు.

త్రీడీ చిత్రం వీటన్నిటి తర్వాతే. అదీ పైనుంచి కాక, నేలకు సుమారు 1.6 మీటర్ల ఎత్తున, నడిచే మనిషి కంటికి కనిపించేటట్టు ఉండాలి.