పాట ముందు నీ నోట్లో తిరగాలి

అమ్మా,

నువ్వు పంపిన మూడు పాటలూ విన్నాను. వాటితో పెట్టిన పీడీఎఫ్‌ను కావాలనే ముందు తెరవలేదు. కాగితం మీద అందంగా కనిపించే పాట నోట్లో పడగానే నత్తినత్తిగా నడవడం నేను చాలా చూశాను.

మొదటిది బాగుంది, ఇక ముట్టుకోకు. మూడోదాంట్లో ఉన్న సంధ్యలూ వీణలూ మౌనరాగాలూ నీవి కావు, ఎక్కడో విన్నవి. దాన్ని పక్కన పడెయ్. రెండో పాట గురించే ఈ ఉత్తరం.

‘ఊరి చెరువు గట్టు మీద ఒక్కదాన్నే నిలబడ్డ’ అని రాశావు. ఊరి, చెరువు, గట్టు, మీద... చేత్తో తాళం వేసుకుని చూడు, అన్నీ మూడేసి మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు). తిశ్రంలో, అంటే మూడేసి లెక్కల నడకలో, చక్కగా నడుస్తోంది. ‘ఒక్క’ దాకా బాగానే వచ్చి ‘దాన్నే’ దగ్గర నాలుగై కాలు తడబడింది. పైగా నీ ట్యూన్‌లో చివరి నుంచి రెండో అక్షరం మీద స్వరం పైకి వెళ్లి సాగుతుంది. అక్కడ నువ్వు పెట్టింది ‘బ’. పొట్టి అక్షరం, వెనకాలే వత్తు. అందుకే నీ రికార్డింగులో అది ‘నిలబా...డ్డ’ అని వినబడుతోంది. ‘ఒక్కదాన్ని ఉన్న బావ’ అని పాడి చూడు. మూడేసి మాత్రలు చివరిదాకా నిలుస్తాయి, సాగే స్వరం కింద ‘బా’ వచ్చి కూర్చుంటుంది. బావ ఎవరని అడిగితే అది నీ ఇష్టం, రెండో చరణంలో చెప్పుకో.

ఇదంతా ఛందస్సు పుస్తకం కొని నేర్చుకోమని చెప్పడం లేదు. నేర్చుకుంటే మంచిదే గానీ నీకు అంతకంటే ముందే దొరికిన బడి ఒకటుంది. బతుకమ్మ చుట్టూ ఆడుతూ ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకుంటారు కదా. ఆ ‘ఉయ్యాలో’ దగ్గర అందరి గొంతూ తెరుచుకుంటుంది, ముందు పాడే ఆమెకు ఊపిరి దొరుకుతుంది, తర్వాతి ముక్క గుర్తుకొస్తుంది. పాటలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఈసారి ఆడేటప్పుడు ఆ ఒక్క విషయం మీద చెవి పెట్టు.

సినిమాల్లో రాయాలంటే ఇంకో అలవాటు కావాలి. అక్కడ ఎక్కువసార్లు ట్యూనే ముందొస్తుంది. వాట్సాప్‌లో ‘లాలలా’ అనో, అర్థం లేని డమ్మీ మాటలతోనో పంపి, సిచ్యుయేషన్ ఒక్క ముక్కలో చెప్పి, రేపటికి పల్లవి కావాలంటారు. నాలుగైదు వర్షన్లు ఇస్తే ఒకటి ఓకే అవుతుంది, ఒక్కోసారి అన్నీ పోతాయి. వాళ్ల మీద కోపం తెచ్చుకోకు, మంచి పల్లవి అయితే దాచుకో. ఇప్పటినుంచే నీకు తెలిసిన పాట ఏదైనా తీసుకుని, మాటలు తీసేసి, ఆ ట్యూన్‌కి నీ మాటలు రాసి చూడు. అది ఎవరికీ పంపకు, సాధన అంతే.

ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుందామనుకుంటున్నానన్నావు. వద్దు. సీతారామశాస్త్రి గారు కాకినాడలో టెలిఫోన్స్ శాఖలో పనిచేస్తూ రాసినవారే. 1986లో ‘సిరివెన్నెల’ వచ్చాక ఆ పేరే ఆయనకు ఇంటిపేరైంది. సుద్దాల అశోక్ తేజ గారు బడిపంతులుగా పనిచేసినవారు. వేటూరి గారు పత్రికల్లో పనిచేసి, 1974లో ‘ఓ సీత కథ’తో సినిమాకు వచ్చేసరికి నలభైకి దగ్గరపడ్డారు. నీకింకా ఇరవై నాలుగే. అద్దె టెన్షన్‌లో రాసిన పల్లవిలో ఆ అద్దే వినిపిస్తుంది.

ఇక కాగితాల సంగతి. యూట్యూబ్ ఛానల్ వాళ్లు పంపిన అగ్రిమెంట్‌లో ‘సర్వహక్కులూ’ అన్న మాట చూసి భయపడ్డావు. భయం అక్కర్లేదు గానీ చదవకుండా సంతకం పెట్టకు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, పాట హక్కులు అమ్మినా రాయల్టీలో సమాన వాటా అందుకునే హక్కు రాసినవాళ్లకే ఉంటుంది. థియేటర్లో సినిమాతో పాటు ఆడేదానికి మాత్రం ఇది వర్తించదు. ఆ వాటా వదులుకుంటున్నట్టు నీ చేత రాయించుకున్నా చెల్లదు. పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నీ పేరు మీద నమోదు చేయించు. పేరు వేయకుండా డబ్బిస్తామనేవాళ్లు తప్పకుండా వస్తారు. అవసరంలో ఉన్నప్పుడే వస్తారు. ఉద్యోగం ఉంచుకోమన్నది అందుకు కూడా.

పేరంటే గుర్తొచ్చింది. మొదటి పాట పల్లవిలో ఒక పాదం మీ అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడేదని నువ్వే రాశావు. మరి వీడియో కింద ‘రచన’ అని నీ పేరొక్కటే ఉందేంటి? జానపదం ఎవరి సొంతమూ కాదని వాదించేవాళ్లుంటారు, ఆ వాదన నాకు నచ్చదు. ఆ పాదం ఎవరి దగ్గర విన్నావో రాయి, మిగతాది నీ రచన అని రాయి. తెలంగాణలో ఈ మధ్య ‘సేకరణ’కీ ‘రచన’కీ మధ్య పెద్ద పెద్ద గొడవలే అయ్యాయి. అమ్మమ్మతో గొడవ రాదులే, అయినా మార్చు.

రెండో పాటలో ఆ ‘బావ’ మాట పెట్టి తిరగరాసి, ట్రాక్ లేకుండా ఉత్త గొంతుతో రికార్డు చేసి పంపు. ఫోన్లో చాలు. రెండో చరణం చాలా పొడుగైంది, నాలుగు పాదాలు తీసెయ్. ఏవి తీయాలో నేను చెప్పను. పాడుతుంటే నీకే విసుగొస్తుంది కదా, అక్కడ.

ఆశీస్సులతో,
మీ సార్