తక్‌పట్టీ రాయించి చూడండి

అయ్యా, గుంటూరు మిర్చి యార్డులోని మీ కమీషన్ దుకాణానికి గుమాస్తాను ఎంచుకునేందుకు పెట్టిన ఆప్టిట్యూడ్ పరీక్షలో నూటికి 90 తెచ్చుకున్న అబ్బాయి, తీరా సీజను వచ్చేసరికి కాటా చీటీల దగ్గర తడబడుతున్నాడని రాశారు. తప్పు అబ్బాయిది కన్నా పరీక్షది అనుకుంటాను.

ఎంపిక పద్ధతులపై వచ్చిన అధ్యయనాలను 1998లో క్రోడీకరించిన ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు పని నమూనా పరీక్షతో (చేయబోయే పనిలో కొంత చేయించి చూడటం) పాటు, మీరు పెట్టిన ఆప్టిట్యూడ్ పరీక్ష లాంటి తెలివితేటల పరీక్షకూ పెద్దపీట వేశారు. 2022లో సాకెట్ బృందం ఆ లెక్కలను సవరించాక తెలివితేటల పరీక్ష బాగా వెనక్కి జరిగి, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ ముందుకు వచ్చింది.

కనుక ఈసారి రైతుల పేర్లు మార్చిన పాత కాటా చీటీలు పది అభ్యర్థి ముందు పెట్టి, టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, క్వింటా ధర, తగ్గించవలసిన ఖర్చులు చూసుకుని తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీ, రాయమనండి. ఒక చీటీలో కావాలనే బరువు తప్పు వేసి ఉంచితే, గుడ్డిగా కూడేసేవారెవరో, ఆగి అడిగేవారెవరో అరగంటలో తెలిసిపోతుంది. ఏ పొరపాటుకు ఎన్ని మార్కులు తగ్గించాలో మాత్రం ముందుగానే కాగితంపై రాసి పెట్టుకోండి. లేకపోతే తెలిసినవారి పిల్లవాడు వచ్చినప్పుడు మన చేయి వంగుతుంది (నాకు వంగింది).