వాన మొదలైతే అత్తమ్మ నిద్రపోదు

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిందే, అప్పుడు మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళయినా మా అత్తమ్మకు ఆ భయం పోలా. నాలుగు చినుకులు పడితే చాలు, బియ్యం మూట మంచం మీదికి ఎక్కిస్తుంది. రాత్రి రెండింటికి లేచి, ఒక కాలు కిందికి దించి నేల తడిగా ఉందేమోనని తడుముతుంది. ఏమన్నా అంటే కసురుకుంటుంది. పక్కింటోళ్ళు తాయెత్తు కట్టించమంటున్నారు. మా ఆయనేమో ‘అయిపోయిన సంగతి ఇప్పుడెందుకు’ అని లేచి బయటికెళ్ళిపోతాడు. ఆమె నటిస్తోందా, నిజంగా జబ్బా?
- ఒక కోడలు

జవాబు: నటించే మనిషి అందరూ నిద్రపోయే రెండింటికి లేచి నేల తడుముతుందా అమ్మా? ప్రాణం మీదికొచ్చిన పూట విన్న చప్పుడు, బురద వాసన, కాలికి తగిలిన చల్లదనం అన్నిటినీ మెదడు ప్రమాదం కిందే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వాటిలో ఏ ఒక్కటి ఎదురైనా, ఆలోచించేలోపే గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. ఇక నిద్ర చాలని మనిషికి కోపం రాక ఏమొస్తుంది?

వరదో, యాక్సిడెంటో జరిగాక మొదటి వారాల్లో ఇలా ఉండటం మామూలే, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గక రోజువారీ పనులకు అడ్డొస్తుంటే పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తర్వాత మనసులో దిగబడిపోయే భయం జబ్బు) ఏమోనని చూపించుకోవాలి. ఉత్తరం చూసి నేను తేల్చలేను కానీ, ఇన్నేళ్ళంటే మాత్రం చూపించాల్సిందే. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. అంత దూరం రానంటే మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసే కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే మందులూ ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చివ్వకండి, దీనికి అవి మందు కాదు, పైగా అలవాటైపోతాయి. తాయెత్తు కడితే కట్టనీండి, దానితో సరిపెట్టొద్దంతే.

రాత్రి లేచినప్పుడు ‘భయపడొద్దు’ అనకండి, ఆ మాటకు భయం పోదు. లైటు వేసి, రెండు కాళ్ళూ పొడినేల మీద పెట్టించి, ఇవాళ ఏ వారమో, ఇంట్లో ఎవరెవరున్నారో మాటల్లో పెట్టండి. వరద సంగతంతా చెప్పమని బలవంతపెట్టొద్దు. ఆధార్ కార్డులు, పొలం కాగితాలు ఒక సంచిలో పెట్టి అటకెక్కించండి, ఏటి పక్కన ఉండేవాళ్ళకు అది పిచ్చి కాదు, జాగ్రత్తే. బియ్యం మూటను మాత్రం చినుకు పడగానే మంచమెక్కించకుండా ఉండటం ఇద్దరూ కలిసి మెల్లమెల్లగా అలవాటు చేసుకోండి.

మీరు అడగలేదు కానీ, ఆ మాటెత్తగానే మీ ఆయన లేచిపోతున్నారన్నారే, అది కూడా ఆ వరద తాలూకుదే అయ్యుండొచ్చు. కొందరు నిద్ర మానేస్తారు, కొందరు ఆ ఊసే రానివ్వరు. ఈసారి వెళ్తుంటే ఆపకండి. తిరిగొచ్చాక టీ ఇచ్చి, ఆ రాత్రి మీరు ఎక్కడున్నారని ఒక్కసారి అడిగి చూడండి, చెప్పకపోతే వదిలేయండి.