లేవీయకాండము పదో అధ్యాయం బోధించబోతున్న తమ్మునికి

ప్రభువునందు ప్రియమైన తమ్మునికి,

వందనాలు. వచ్చే నెల మీ సంఘంలో జరిగే బైబిలు అధ్యయన కూటాల్లో మోషే అన్న, మొదటి ప్రధాన యాజకుడు అయిన అహరోను కుమారులు నాదాబు, అబీహు దేవుని సన్నిధి నుంచి వచ్చిన అగ్నికి ఆహుతై మరణించిన సంగతిని గురించి బోధించాలనుకుంటున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడిపించాలో చెప్పమనీ రాశావు. ఆ భాగాన్ని ఎంచుకున్నందుకు సంతోషం. మన బోధకుల్లో చాలామంది నిర్గమకాండము ముగించి నేరుగా సంఖ్యాకాండానికి దాటిపోతారు. లేవీయకాండాన్ని ముట్టుకునే కొద్దిమందిలోనూ ఎక్కువమంది ఈ అధ్యాయాన్ని సంఘాన్ని బెదిరించడానికే వాడతారు. ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవారి మీదా, కానుక వేయనివారి మీదా ఆ అగ్నిని కురిపిస్తారు. ఆ రోజు అగ్నికి ఆహుతి అయినది దేవుణ్ణి ఆరాధించే గుడారం బయట నిలబడిన ప్రజలు కాదు, ధూపార్తి చేతపట్టిన యాజకులు. తన దగ్గరకు వచ్చేవారి విషయంలోనే తన పరిశుద్ధతను కనపరచుకుంటానని దేవుడు చెప్పిన మాటను మోషే అహరోనుకు గుర్తుచేస్తున్నాడు. కాబట్టి ఈ హెచ్చరిక మొదట వేదిక ఎక్కేవారికి, అంటే నీకూ నాకూ వర్తిస్తుంది. నీ సిద్ధపాటంతా ఆ మాట మీద నిలబడాలని నా కోరిక.

పదో అధ్యాయంతో మొదలుపెట్టవద్దు. ఎనిమిదో అధ్యాయంలో అహరోనునూ అతని కుమారులనూ యాజకులుగా ప్రతిష్ఠించిన విధానాన్ని మొదటి రాత్రి నింపాదిగా చదివించు. ప్రతిష్ఠిత పొట్టేలు రక్తాన్ని మోషే వారి కుడిచెవి కొనమీద, కుడిచేతి బొటనవేలిమీద, కుడికాలి బొటనవేలిమీద ఉంచుతాడు. చెవి వినడానికి, చేయి పని చేయడానికి, కాలు నడవడానికి అని వ్యాఖ్యాతలు చెప్పే వివరణను నీవూ చెప్పవచ్చు, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఆ తరువాత వారు ఏడు రోజులు రాత్రింబగళ్ళు ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గరే ఉండాలి. బయటికి వెళ్తే చస్తారని ముందే చెప్పారు. పరిశుద్ధ స్థలంలో పొరపాటు ఎంత ప్రమాదమో వారికి తెలియదనడానికి వీల్లేదు. ఈ అధ్యాయమంతటా 'యెహోవా మోషేకు ఆజ్ఞాపించినట్లు' అనే మాట పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. నిర్గమకాండము 40వ అధ్యాయంలో, మందిరాన్ని నిలబెట్టే చోట, 19వ వచనం నుంచి 32వ వచనం లోపల అదే మాట ఏడుసార్లు వినిపిస్తుంది. ఆ వచనాలను బిగ్గరగా చదివించి, సంఘాన్ని ఆ పల్లవి కోసం చెవి ఒగ్గమని చెప్పు. అప్పుడు 10వ అధ్యాయం మొదటి వచనంలో, దేవుడు ఆజ్ఞాపించని వేరొక అగ్నిని నాదాబు, అబీహు తెచ్చారన్న మాట వచ్చేసరికి, నీవు వివరించకముందే వినేవారు ఉలిక్కిపడతారు.

తొమ్మిదో అధ్యాయాన్ని కూడా దాటవేయవద్దు. ఎనిమిదో రోజున అహరోను మొదటిసారి బలులు అర్పించి, చేతులెత్తి ప్రజలను దీవించాడు. యెహోవా సన్నిధి నుంచి అగ్ని బయలుదేరి బలిపీఠం మీది దహనబలినీ కొవ్వునూ కాల్చివేసింది. ప్రజలు ఉత్సాహధ్వని చేసి సాగిలపడ్డారు. రెండు వచనాల తరువాత, దాదాపు అవే మాటలతో, అదే సన్నిధి నుంచి అగ్ని బయలుదేరి ఇద్దరు యాజకులను కాల్చివేసింది. బలిని అంగీకరించిన అగ్నీ వారిని దహించిన అగ్నీ వేరు కావు. దేవునికి ఉన్నట్టుండి కోపం వచ్చిందని చెబితే ఈ భాగం చేజారిపోతుంది. ఆయన మొదటినుంచీ అలాగే ఉన్నాడు, దగ్గరికి వచ్చిన తీరు మారింది. చచ్చినవారు అనామకులు కారన్నదీ చెప్పాలి. నాదాబు అహరోనుకు జ్యేష్ఠపుత్రుడు. నిర్గమకాండము 24వ అధ్యాయంలో మోషేతో, అహరోనుతో, 70 మంది పెద్దలతో కలిసి కొండెక్కి ఇశ్రాయేలు దేవుని చూచి, ఆ సన్నిధిలో అన్నపానాలు పుచ్చుకున్నవారిలో ఈ అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. దగ్గరితనం అలవాటైనవారే ఆజ్ఞను తేలికగా తీసుకునే ప్రమాదం ఉందని ఇక్కడ నాకు అనిపిస్తుంది.

ఆ 'వేరొక అగ్ని' ఏమిటని తప్పకుండా అడుగుతారు. అప్పుడు నల్లబల్ల మీద ఆవరణం గీసి చూపించు: 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, లోపలికి రాగానే 5 మూరల చదరపు బలిపీఠం, తరువాత గంగాళం, ఆపైన గుడారం, గుడారం లోపల అడ్డతెర ముందు ఒక మూర చదరం, రెండు మూరల ఎత్తు ఉన్న ధూపవేదిక. బయటి బలిపీఠం మీది అగ్ని ఎన్నడూ ఆరిపోకూడదని 6వ అధ్యాయం చెబుతుంది. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ధూపార్తి నిండా నిప్పులను ఆ బలిపీఠం మీదనుంచే తీసుకోవాలని 16వ అధ్యాయం చెబుతుంది. దీన్నిబట్టి వీరు నిప్పులను మరోచోటి నుంచి తెచ్చి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. యాజకులు గుడారంలోకి వచ్చేటప్పుడు ద్రాక్షారసం, మద్యం తాగకూడదన్న ఆజ్ఞ వెంటనే వస్తుంది గనుక, వారు తాగి ఉన్నారని యూదుల పూర్వ బోధకుల్లో కొందరు అన్నారు; మోషేను సంప్రదించకుండా తమంతట తామే నిర్ణయించుకున్నారని మరికొందరు అన్నారు. వీటిని అభిప్రాయాలుగానే చెప్పు. లేఖనం చెప్పిన కారణం ఒక్కటే, ఆజ్ఞ లేదు. కారణం చెప్పకుండా వదిలినచోట మనం కథ అల్లి నింపితే, మనం కూడా అడగని అగ్నిని తెచ్చినట్టే. ఇదే సందర్భంలో ఒక మాట: లోపల చనిపోతే బయటికి లాగడానికి ప్రధాన యాజకుని కాలికి తాడు కట్టి, అడ్డతెర వెనక ఉన్న అతిపరిశుద్ధ స్థలంలోకి పంపేవారని మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. అంగీ అంచున బంగారు గంటలు ఉన్న మాట నిజమే, తాడు మాత్రం బైబిల్లో లేదు. ఆ కథ 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో వెలుగుచూసిన జోహర్ అనే యూదు గ్రంథంలో కనిపిస్తుంది. ఎంత రుచిగా ఉన్నా దాన్ని వదిలిపెట్టు.

కుమారులు చనిపోయినప్పుడు అహరోను మౌనంగా ఉండిపోయాడు. ఆ మౌనాన్ని జాగ్రత్తగా బోధించాలి. అహరోను పినతండ్రి ఉజ్జీయేలు కుమారులు మిషాయేలు, ఎల్సాఫాను వచ్చి, చనిపోయినవారిని వారి చొక్కాలతోనే పాళెం వెలుపలికి మోసుకుపోయారు. అభిషేక తైలం మీద ఉన్నందువల్ల అహరోనూ మిగిలిన కుమారులూ బట్టలు చింపుకోకూడదు, గుడార ద్వారం దాటకూడదు. దీన్ని పట్టుకుని, విశ్వాసి ఏడవకూడదని కొందరు బోధిస్తారు. నీ ఎదుట కూర్చున్నవారిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉండవచ్చు. అదే వచనంలో ఇశ్రాయేలీయుల ఇంటివారందరూ ఈ మరణాల కోసం ఏడవవచ్చునని ఉంది. యాజకుడు విధిలో ఉన్నాడు గనుక ఏడ్వలేదు, అతని బదులు జనమంతా ఏడ్చేలా దేవుడే ఏర్పాటు చేశాడు. ఆ మాటను చదవకుండా ముందుకు వెళ్ళవద్దు.

పదో వచనం దగ్గర మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా ఒక వివరణ కావాలి. ప్రతిష్ఠితమైనదానికీ లౌకికమైనదానికీ, పవిత్రమైనదానికీ అపవిత్రమైనదానికీ భేదం చూపడం, దాన్ని ప్రజలకు నేర్పడం యాజకుని పని. లౌకికం అంటే పాపం కాదు. ఇంట్లో వండుకునే రొట్టె లౌకికమే. అపవిత్రత కూడా చాలాచోట్ల పాపం కాదు. బిడ్డను కన్న తల్లీ, శవాన్ని ముట్టినవాడూ తప్పేమీ చేయలేదు. మైల, అంటు అనే మాటలు విని పెరిగిన మన ప్రజలు ఇక్కడ కులాన్ని చదువుకునే ప్రమాదం ఉంది, కొందరికి ఆ మాటల గాయం ఇంకా పచ్చిగానే ఉంది. లేవీయకాండంలో పుట్టుకతో శాశ్వతంగా అపవిత్రులైన ప్రజలు లేరని స్పష్టంగా చెప్పు. 22వ అధ్యాయం ప్రకారం అహరోను సంతతివాడైనా శవం వల్ల అపవిత్రమైనదాన్ని ముడితే సాయంకాలం వరకు అపవిత్రుడే; నీళ్ళతో స్నానం చేసి, సూర్యాస్తమయం అయ్యాకే పరిశుద్ధమైనవాటిని తినాలి.

చివరి రాత్రిని పూర్తిగా 16 నుంచి 20 వరకు ఉన్న వచనాలకే కేటాయించు; సాధారణంగా వీటిని ఎవరూ చదవరు. పాపపరిహారార్థ బలి రక్తాన్ని పరిశుద్ధ స్థలంలోకి తేనప్పుడు, దాని మాంసాన్ని యాజకులు పరిశుద్ధ స్థలంలో తినాలన్నది నియమం. ఆ రోజు అహరోను మిగిలిన కుమారులు ఎలియాజరు, ఈతామారు ఆ మేకను తినకుండా కాల్చివేశారు. మోషే కోపగించాడు. అహరోను జవాబిచ్చాడు: ఈ దినాన నాకు ఇలాంటివి సంభవించాక, నేను ఆ మాంసాన్ని తింటే అది దేవుని దృష్టికి మంచిదై ఉండేదా? మోషే ఆ మాట విని ఒప్పుకున్నాడు. ఒకే రోజున, ఒకే కుటుంబంలో, విధి రెండుసార్లు తప్పింది. ఒకచోట మరణం, మరొకచోట అంగీకారం. నా అవగాహన ఇది: నాదాబు, అబీహు పిలవని చోటికి చొరవగా వెళ్ళారు, అహరోను మాత్రం ఇంత దుఃఖంలో పరిశుద్ధమైనదాన్ని తినడానికి తగనని జంకి వెనక్కి తగ్గాడు. విధేయత అంటే లెక్క సరిచూసుకోవడమే అయితే మోషే ఒప్పుకోవలసిన పని లేదు. దేవుని పరిశుద్ధతకు భయపడినవాని సంకోచాన్ని ఈ అధ్యాయం తప్పుగా ఎంచలేదు. మొదటి రాత్రి భయంతో ఇంటికి వెళ్ళినవారు ఈ మాట కూడా వినాలి.

దేవుని మందసాన్ని ముట్టి చనిపోయిన ఉజ్జా సంగతి అడిగితే, ఆ మందసాన్ని లేవీయుల్లో ఒక శాఖవారైన కహాతీయులు భుజాలమీద మోయాలన్న సంఖ్యాకాండపు నియమమూ, దావీదు దాన్ని కొత్త బండి మీద ఎక్కించిన సంగతీ రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళు. హెబ్రీయులకు రాసిన పత్రికకు తొందరపడి దూకవద్దు. లేవీయకాండము 16వ అధ్యాయం నాదాబు, అబీహుల మరణాన్ని తలచుకుంటూనే మొదలవుతుంది గనుక, దానికి మరో వారం పెట్టుకుని అక్కడినుంచి పత్రికకు వెళ్తే దారి సాఫీగా ఉంటుంది. చదవడానికి మంచి గొంతు ఉన్న ఇద్దరిని ఇప్పుడే నియమించి, పేర్లు తడబడకుండా ఇంటి దగ్గర చదువుకుని రమ్మని చెప్పు; వారిలో ఒకరు అక్కచెల్లెళ్ళలోనుంచి ఉంటే మరీ మంచిది. నోట్సు సిద్ధమయ్యాక నాకు పంపించు, చూసి రాస్తాను. ఇంట్లో అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ప్రభువునందు నీ క్షేమం కోరే అన్న